సూది మీద నింద

తుకెర్రెస్,
జనవరి 18, 1996

వదినగారు మెల్బా గారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరంతో పాటు మూడు గంపలు, ఒక మూట బస్సు డ్రైవరు సెగుందో మీ ఇంటికి తెచ్చి ఇస్తాడు. గంపల్లో ఉన్నవి పెట్టలు. నూరి నెల తప్పిందని మీ అబ్బాయి విల్మార్ చెప్పిన వారం నుంచీ వీటిని విడిగా మేపుతున్నాను. మొక్కజొన్న తప్ప వేరే మేత వెయ్యలేదు. బాలింత పథ్యం నలభై రోజులు కాబట్టి రోజు విడిచి రోజు ఒకటి చొప్పున సరిపోతాయి. ముదురువి ముందు కోయించండి, లేతవి చివరికి ఉంచండి.

కూతురి పురిటికి తల్లి దగ్గర ఉండాలి. నేను ఉండలేకపోతున్నాను. మా అత్తగారు జోయిలా గారు నవంబరులో పడి తుంటి విరగ్గొట్టుకున్న సంగతి మీకు తెలుసు. ఆవిడను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలన్నా నేనే ఉండాలి. అందుకని నూరిని, పుట్టబోయే బిడ్డను మీ చేతుల్లో పెడుతున్నాను.

మూటలో రెండు ఉన్ని దుప్పట్లు, పొత్తిగుడ్డలు, ఒక నేత పట్టీ ఉన్నాయి. నన్నూ నా తోడబుట్టినవాళ్ళనూ నా పిల్లలనూ ఆ పట్టీతోనే చుట్టారు. బిడ్డ చేతులు కదలకుండా భుజాల నుంచి పాదాల దాకా బిగించి చుట్టాలి. లేకపోతే ఉలిక్కిపడి నిద్ర చెడగొట్టుకుంటాడు. పథ్యం ఎలా చెయ్యాలో వేరే కాగితం మీద వరుసగా రాశాను. ముఖ్యమైనవి ఇవి. కిటికీలు మూసి ఉంచాలి. బాలింతకు చెవుల్లో దూది, తలకు గుడ్డ. ఛాతీకి గాలి తగలకూడదు, తగిలితే పాలు గడ్డకడతాయి. చల్లటిదేదీ తాగకూడదు.

ఇంకొక మాట. నొప్పి తెలియకుండా నడుముకు సూది వేయించుకోవాలనుకుంటున్నానని నూరి పోయిన ఉత్తరంలో రాసింది. మీ కాలీ ఊళ్ళో ఇప్పుడు దానిలాంటి బడి టీచర్లకు కూడా ఆ వసతి వచ్చిందట. మా అత్తగారికి చదివి వినిపించాను. "నొప్పి పడకుండా కంటే తల్లెవరో బిడ్డకు ఎట్లా తెలుస్తుందే?" అన్నారు. పదకొండు మందిని కన్న మనిషి. నూరికి నేను వద్దనీ రాయలేదు, సరేననీ రాయలేదు. దగ్గర లేనిదాన్ని, ఏమని రాయను?

లియోనిలా


కాలీ,
ఫిబ్రవరి 11

వదినగారు లియోనిలా గారికి,

మనవడు. శుక్రవారం పొద్దున పుట్టాడు. మూడున్నర కిలోలు. ఎలియాస్ అని పిలుస్తున్నారు. ముక్కు మీ వైపుది, మిగతాది మేం సర్దుకుంటాం.

మీ పెట్టలు క్షేమం. వాటిలో ఒకటి పెట్ట కాదు. తెల్లవారకముందే కూత మొదలుపెడుతోంది. పక్కింటి ఎదిల్మా గోడ మీద నుంచి తొంగి చూసి, "మెల్బా, ఇది ఇల్లా, సంతా?" అంది. ముదురు, లేత చూడకుండా ముందు దాన్నే కోయించాను.

ఇక అసలు విషయం. గురువారం మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. రాత్రంతా అవే. నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే ఉంగరం పక్క వేలిలోకి దిగింది. తెల్లవారుతుండగా తనే డాక్టరును పిలిపించి సూది అడిగింది. నడుములో సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కించారు. చేతికి సెలైన్ సీసాలు, ఒకటయ్యాక ఒకటి. అరగంటకల్లా ఆ పిల్ల నవ్వుతూ, "అత్తయ్యా, మీరు వెళ్ళి కాఫీ తాగి రండి" అంది. నేను ముగ్గురిని కన్నాను. నొప్పుల మధ్యలో కాఫీని తలుచుకున్నదాన్ని ఇంతవరకు చూడలేదు.

కాన్పు బాగానే అయింది. వాడు మాత్రం నిద్రలోనే పుట్టినట్టున్నాడు. ఒకసారి ఏడ్చాడు, అంతే. రొమ్ము అందిస్తే పెదవులు ఆనించి ఊరుకుంటాడు. బుగ్గ మీద తడితే కళ్ళు సగం తెరిచి, నీకేం పని అన్నట్టు చూసి మళ్ళీ పడుకుంటాడు. నూరికేమో ఒళ్ళంతా నీరు పట్టింది. రొమ్ములు బిర్రబిగిసి, పట్టుకోవడానికి బిడ్డ నోటికి అందడం లేదు. క్లినిక్ నర్సు వచ్చి చూసి, "మందు మత్తు ఇంకా ఉంది. సెలైన్ నీరూ దిగాలి. అందాకా ముర్రుపాలు పిండి చెంచాతో పట్టండి" అని చెప్పి పోయింది. నిన్న ఇంటికి తెచ్చాం.

మీ కాగితం తలుపు వెనక అంటించాను. అందులో ఉన్నది ఉన్నట్టు చేస్తున్నాను. వియ్యపురాలు సరిగా చూడలేదన్న మాట రేపు నాకు రాకూడదు.

నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. కాని మా ఇంట్లో ఏ బిడ్డా రొమ్ము వద్దనలేదు.

మెల్బా


తుకెర్రెస్,
ఫిబ్రవరి 13

వదినగారు మెల్బా గారికి,

తల్లీబిడ్డలు గండం గడిచి ఇంటికి వచ్చినందుకు దేవుడికి దీపం పెట్టాను. మీరు పడిన శ్రమకు మీకు ఏమిచ్చి ఋణం తీర్చుకోను? పుంజు సంగతి నా పొరపాటే. చివర్లో కలిపిన లేతవాటిలో దాన్ని పోల్చుకోలేకపోయాను.

మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను. దానికి కోపంతో కాకుండా, తెలిసిన సంగతితో జవాబు రాస్తున్నాను. మా రెండోవాడు ఎర్నాన్ ఈ ఇంట్లోనే, ఈ మంచం మీదే పుట్టాడు. నాకు ఏ సూదీ లేదు. మంత్రసాని ఇచ్చిన కషాయం తప్ప గొంతులో ఏదీ పడలేదు. కావలసినంత నొప్పి పడ్డాను. అయినా వాడు మూడు రోజులు రొమ్ము ముట్టలేదు. అప్పుడు నిందించడానికి సూది లేదు కాబట్టి మా అత్తగారు నా చనుమొనలను నిందించారు. కనుక బిడ్డ తాగకపోవడానికి సూది ఒక కారణం కావచ్చు గాని, అదొక్కటే కారణమని నేను ఒప్పుకోలేను.

మత్తు ఉందని నర్సు అన్నది కదా. ఉన్న మత్తు ఏదో ఒక రోజు దిగాలి. ఎప్పటికి దిగుతుందో అడిగారా? ఈ కింది సంగతులు కూడా చూసి రాయండి. బిడ్డ రోజుకు ఎన్నిసార్లు గుడ్డ తడుపుతున్నాడు, ఏ రంగు? కళ్ళు పచ్చగా ఉన్నాయా? పాలు కాక చెంచాతో ఇంకేమైనా పడుతున్నారా? గది ఎలా ఉంది?

నూరిని ఏమీ అనకండి. బాలింతను ఏడిపిస్తే పాలు ఎండిపోతాయని మా వైపు అంటారు. నిజమో కాదో తెలుసుకోవడానికి ఏడిపించి చూడనక్కర్లేదు.

లియోనిలా


కాలీ,
ఫిబ్రవరి 16

వదినగారు లియోనిలా గారికి,

పరీక్ష పేపరులా అడిగారు కాబట్టి వరుసగా రాస్తున్నాను. తడపడం రోజుకు రెండుసార్లు, ముదురు రంగు. కళ్ళు కాస్త పచ్చగానే ఉన్నాయి. చెంచాతో సోంపు నీళ్ళు పడుతున్నాను, కడుపు ఉబ్బకుండా. అది మీ కాగితంలో లేదు, నేను కలిపాను. మా అమ్మ మాకు పట్టింది, నేను నా పిల్లలకు పట్టాను. నూరి పిండినవి గిన్నె అడుగు తడవడానికి సరిపోతాయి, అవీ పడుతున్నాను.

గది మీరు చెప్పినట్టే ఉంది. కిటికీలు మూసి సందుల్లో గుడ్డలు కుక్కాను. ఫ్యాను తీసి వంటింట్లో పెట్టాను. బిడ్డకు లోపల పొత్తిగుడ్డ, పైన ఉన్ని దుప్పటి, దాని మీద పట్టీ. నేను ఒకసారి లోపలికి వెళ్ళి వస్తే కట్టుకున్న బట్టలు పిండుకోవాలి. విల్మార్ నిన్న ఒక్క నిమిషం నిలబడి, "అమ్మా, ఈ గదిలో రొట్టెలు కాల్చుకోవచ్చు" అన్నాడు. "మీ అత్తగారి ఊరి పథ్యం అలాంటిదిరా, నోరు మూసుకో" అన్నాను.

నిన్న పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం. క్లినిక్ గుమ్మంలోనే పట్టీ, దుప్పటి విప్పి సంచిలో పెట్టాను. డాక్టర్లకు మన పద్ధతులు నచ్చవు, ఎందుకొచ్చిన గొడవ. తూకం మూడు కిలోల నూరు. నాలుగు వందల గ్రాములు పోయాయి. డాక్టరమ్మ వయసులో చిన్నదే గాని నెమ్మదిగా చెప్పింది. కాన్పులో తల్లికి ఎక్కించిన సెలైన్ బిడ్డ ఒంట్లోకీ పోతుందట. పుట్టినప్పటి బరువులో ఆ నీళ్ళూ కలిసి ఉంటాయట. "అందుకని పోయిందంతా కండ కాదు. కాని మిగిలింది కూడా తక్కువేం కాదు. సోమవారం మళ్ళీ తూద్దాం. పెరక్కపోతే ఆస్పత్రిలో చేర్చుకుంటాం" అంది. చేర్చుకుంటే ముక్కులో గొట్టం వేసి డబ్బాపాలు పోస్తారు. ఎదిల్మా మనవరాలికి అలాగే చేశారు.

ఆవిడ కాన్పు కాగితం తీసి చదివింది. నడుము సూది కంటే ముందు తుంటికి ఇంకో సూది వేశారే అంది. అది అర్ధరాత్రి నర్సును బతిమాలి నేనే వేయించాను. నూరి వద్దంది. ఆ అరుపులు నేను వినలేకపోయాను. అది వేరే సంగతి. తుంటి సూది మందు బిడ్డలో రెండు మూడు రోజులు ఉండిపోతుందట, నడుము సూదిది అంతకంటే త్వరగా దిగుతుందట. "ఏదైనా ఈపాటికి దిగిపోయి ఉండాలి. ఇంకా ఎందుకింత నిద్ర?" అని నన్నే అడిగింది. ఆవిడకే తెలియనిది నాకేం తెలుస్తుంది?

ఎదిల్మాకు మాత్రం తెలుసు. కిటికీ అవతల నిలబడి, లోపలికి వినపడేలా, "నొప్పే పాలను పిలుస్తుంది మెల్బా. పిలవకపోతే అవి ఎట్లా వస్తాయి?" అంది. నేను కాదనలేదు. "ఈకాలం పిల్లలు కష్టపడకుండా అన్నీ కావాలంటారు" అని నేను కూడా ఒక మాట కలిపాను. అప్పటి నుంచి నూరి నాతో మాట్లాడడం లేదు. ఉప్పు కావాలన్నా విల్మార్‌తో చెప్పిస్తోంది. పాలడబ్బా, సీసా కొని ఎదురుగా అలమరలో పెట్టాను. అటు చూడదు.

ఇవాళ మధ్యాహ్నం బజారు నుంచి వచ్చి సోంపు నీళ్ళు పట్టబోతే వాడు ఉమ్మేసి మొహం తిప్పుకున్నాడు, పెళ్ళిభోజనం చేసి వచ్చిన పెద్దమనిషిలాగా. కిటికీ గుడ్డలు కింద పడి ఉన్నాయి. గాలికి పడినట్టున్నాయి, మళ్ళీ కుక్కాను.

మెల్బా


తుకెర్రెస్,
ఫిబ్రవరి 17

మెల్బా గారూ,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. సెగుందో తెల్లవారుజామున బయలుదేరుతున్నాడు, అతని చేతికే ఇది ఇస్తున్నాను.

ఇది చదువుతూనే కిటికీలు తెరవండి. పట్టీ విప్పండి. ఉన్ని దుప్పటి తీసెయ్యండి. సోంపు నీళ్ళు ఆపెయ్యండి. వాడి ఒంటి మీద ఒక్క మొలగుడ్డ ఉంచి నూరి ఛాతీ మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టండి. ఆ పని అయ్యాక మిగతాది చదవండి.

నేను ఈ ఉత్తరం రెండు శాలువాలు కప్పుకుని రాస్తున్నాను. మా పెరట్లో తొట్టి నీళ్ళ మీద పొద్దున పలుచగా మంచు పేరుకుంటుంది. నేను రాసిన పథ్యం ఈ చలికి పుట్టింది. పెళ్ళికి కాలీ వచ్చినప్పుడు మూడు రాత్రులు దుప్పటి కప్పుకోలేదు నేను. అయినా మీకు ఉన్ని పంపాను, కిటికీలు మూయమన్నాను. నాకు తోచనే లేదు. మీకు తోచింది, కాని నేను ఏమనుకుంటానోనని ఊరుకున్నారు. పద్ధతని నేను రాశాను, మర్యాదకని మీరు పాటించారు, మధ్యలో వాడు ఉడికిపోతున్నాడు.

కోడిపిల్లలను వేడి ఎక్కువైన చోట పెడితే రెక్కలు చాపి పడుకుంటాయి. ముందు నూకలు పోసినా ముట్టవు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న సంగతి ఇది. మనవడి దగ్గరకు వచ్చేసరికి గుర్తు రాలేదు. పైగా సోంపు నీళ్ళతో ఆ చిన్న పొట్ట నింపితే ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? మత్తు సూదిదే కావచ్చు, మొదట. దాన్ని ఇన్నాళ్ళు నిలబెట్టింది మనం.

తుంటి సూది వేరే సంగతి ఎలా అవుతుంది? మీరు అడిగి వేయించింది మందూ, నా కూతురు అడిగి వేయించుకున్నది తప్పూనా? మీ జాగాలో నేనున్నా ఆ అరుపులు వినలేక అదే చేసేదాన్ని. కాని చేసి, పక్కింటామెతో కలిసి ఆ పిల్లను మాట అనను.

టెలిఫోన్ ఆఫీసుకు కూడా వెళ్ళాను. మీకు దగ్గరలో ఉన్నది ఎదిల్మా ఫోను ఒక్కటే. ఆవిడ ఎత్తింది. "పథ్యంలో ఉన్నదాన్ని బట్టలు విప్పమంటున్నారా? మీరు తల్లేనా?" అని నన్ను నాలుగు చీవాట్లు పెట్టి ఫోను పెట్టేసింది. మీకు చెబుతుందన్న నమ్మకం లేదు.

సోమవారం తూకం ఎంతో వెంటనే రాయండి.

లియోనిలా


కాలీ,
ఫిబ్రవరి 19

వదినా,

మూడు కిలోల రెండు వందల ముప్ఫై. నూట ముప్ఫై గ్రాములు పెరిగాడు. ఆస్పత్రి అక్కర్లేదంది డాక్టరమ్మ. ఇక కూర్చుని మిగతాది చదువుకోండి.

మీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. అప్పటికే ఇంట్లో యుద్ధం ఒకటి అయిపోయింది.

నిన్న చర్చిలో ఫాదర్‌కు గొంతు పోయి ప్రసంగం లేకుండానే పూజ ముగించారు. పెందలాడే ఇంటికి వచ్చాను. గది తలుపు తోశాను. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఫ్యాను మళ్ళీ కుర్చీ మీదికి వచ్చింది. నూరి చెవుల్లో దూది లేదు, తలకు గుడ్డ లేదు, ఒంటి మీద రవిక లేదు. వాడు కూడా దిసమొలతో దాని ఛాతీ మీద బోర్లా పడుకుని ఉన్నాడు. మీ పట్టీ నేల మీద ఉంది.

"ఏంటే ఇది? గాలి పట్టి చస్తావా?" అన్నాను.

తల తిప్పలేదు. "తలుపు వెయ్యండి. వాడు తాగుతున్నాడు" అంది.

నిజంగానే తాగుతున్నాడు. గుటక వినపడుతోంది. నేను మాత్రం చూసినదాన్ని వదిలేసి అలవాటైన మాటే అన్నాను. "మీ అమ్మ రాసిన పథ్యం ఏం కావాలి?"

"మా అమ్మ మంచులో కూర్చుని రాసింది. మీరు చెమటలు కక్కుతూ పాటించారు. ఇద్దరిలో ఒక్కరైనా వీడి మెడ వెనక చెయ్యి పెట్టి చూశారా? పెనంలా కాలిపోతున్నాడు."

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఇది?"

"గురువారం నుంచి. తూకం దగ్గర నర్సు చెప్పింది. మీరు బజారుకు వెళ్తే ఒకసారి, ఎదిల్మా ఇంటికి వెళ్తే ఒకసారి, రాత్రి మీరు పడుకున్నాక. మీరు వచ్చేలోపు మళ్ళీ చుట్టి పెడుతున్నాను. నా కొడుక్కి నేను దొంగతనంగా పాలిస్తున్నానత్తయ్యా."

నోరు మూసుకోవడం నాకు చేతకాదు. "ఆ సూదే లేకపోతే ఇదంతా వచ్చేది కాదు" అన్నాను.

"సూది లేకపోతే తెల్లవారేసరికి తొయ్యడానికి నాలో ఓపిక మిగిలేది కాదు. మొదటి రెండు రోజులు వీడు మత్తుగా ఉన్నాడు, నిజమే. నాకూ భయమేసింది. నా వల్లే అనుకుని ఏడ్చాను. మీరు అటు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాతది సూది కాదు. ఈ గది." ఇంకా ఏదో అంది. అది మా ఇంటి సంగతి.

బయటికి వచ్చి వంటింట్లో కూర్చున్నాను. పొయ్యి మీద మీ కోడి ఉడుకుతోంది. వాడి గుటకలు అక్కడికి వినపడవు, అయినా వింటూనే ఉన్నాను.

సాయంత్రం మీ ఉత్తరం రాగానే నూరి గది గుమ్మంలో నిలబడి దానికి చదివి వినిపించాను. తుంటి సూది గురించి మీరు నన్ను కడిగిన ముక్క కూడా దాచలేదు. కోడిపిల్లల మాట దగ్గర నూరి నవ్వు ఆపుకుంది. ఇవాళ డాక్టరమ్మకు ఉన్ని, పట్టీ, సోంపు అన్నీ చెప్పేశాను. ఆవిడ కాసేపు కలం కింద పెట్టి నా వైపు చూసింది. "మొన్ననే చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా" అంది. వాడు పగలు రెండు మూడు గంటలకు ఒకసారి లేస్తున్నాడు. లేపకుండానే.

ఎదిల్మా మీ ఫోను సంగతి నాకు చెప్పనే లేదు. అడిగితే, "మంచి మాటైతే గుర్తుండేది" అంది.

మెల్బా


తుకెర్రెస్,
మార్చి 10

వదినా,

విల్మార్ పంపిన ఫొటో చేరింది. గడ్డం కింద మడతలు వచ్చాయి. ముక్కు మాదేనని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

మా అత్తగారికి జరిగినదంతా చెప్పాను. పైకప్పు వైపే చూస్తూ, "నొప్పి పడకుండా కన్నదానికి కూడా పాలు పడ్డాయా?" అని అడిగారు.

"పడ్డాయత్తయ్యా. పొంగి పొర్లుతున్నాయట."

"అయితే ఆ సూది అప్పుడు ఉంటే నేనూ అడిగేదాన్ని."

"ఎన్నో కాన్పుకు?"

"అన్నిటికీ" అని అటు తిరిగి పడుకున్నారు. ఆవిడను తిప్పకుండా ఆవిడంతట ఆవిడ తిరగడం నవంబరు తర్వాత అదే మొదటిసారి.

మీరు "మా ఇంటి సంగతి" అని ఆపేసిన మాట ఏమిటో నాకు నూరి రాసింది. సెలవు అయి తను మళ్ళీ బడి ఉద్యోగానికి వెళ్ళాక బిడ్డను మీ దగ్గర వదలదట. రెండు వీధుల అవతల పిల్లలను చూసే ఆవిడ దగ్గర పెడుతుందట. మీ కొడుకు కొడుకును పరాయి ఇంట్లో పెడుతుంటే మీకు ఎలా ఉంటుందో నాకు అర్థమవుతుంది. ఆ మాట మీరు నాకు రాయలేకపోయారంటేనే తెలుస్తోంది.

ఆ పిల్లకు నా మీద కూడా కోపమే. ఇదివరకు నాలుగు పేజీలు రాసేది, ఇప్పుడు నాలుగు వరుసలు రాస్తోంది. కాని నేను దూరంగా ఉన్నాను, నా మీద కోపం దానికి ఖర్చు లేని పని. మీరు రోజూ ఎదురుగా ఉన్నారు. నేను మధ్యలో పడి మీ తరఫున రాయను. తల్లి చెప్పిందని బిడ్డను మీ దగ్గర వదిలితే అది నమ్మి వదిలినట్టు కాదు.

మీరు అడగలేదు, అయినా ఒకటి చెబుతాను. బతిమాలకండి. సూది వల్ల పాలు పోయాయని ఎవరెవరి దగ్గర అన్నారో వాళ్ళ దగ్గరకు మీరే వెళ్ళి, కాదని చెప్పండి. నూరి వినేలా చెప్పాలని కాదు. విన్నా వినకపోయినా.

లియోనిలా


కాలీ,
మే 7

వదినా,

ఇన్నాళ్ళు రాయలేదు. మీ ఆఖరి ముక్క చదివి వారం రోజులు మీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత లేచి ఎదిల్మా ఇంటికి వెళ్ళాను. "సూది సంగతి నేను తప్పు చెప్పాను" అన్నాను. "నీ కోడలు నీకు మందు పెట్టింది" అంది. రొట్టెల కొట్టులో కూడా చెప్పాను, పూజ అయ్యాక మెట్ల మీద ఇద్దరికి చెప్పాను. కాదని చెప్పడానికి వెళ్తే ఎవరూ కాఫీ ఇవ్వరని తెలిసింది. నిందకు మాత్రం బిస్కెట్లు కూడా ఇచ్చారు.

నూరి సెలవు శుక్రవారంతో అయిపోయింది. నేను ఏమీ అడగలేదు. ఆదివారం సాయంత్రం తనే వంటింట్లోకి వచ్చింది. పిల్లలను చూసే ఆవిడకు మోకాళ్ళు బాగాలేవట, బడి దాకా నడవలేనందట.

"పది గంటలకు మాకు విరామం. వీడికి పాలివ్వాలి. ఆవిడ ఇంటి నుంచి మీరు తీసుకురాగలరా?" అంది.

"తీసుకొస్తాను."

"దారిలో ఏడ్చినా ఏమీ పట్టకూడదు."

"పట్టను."

"ఎండగా ఉంటే గొడుగు వెయ్యండి. గాలి ఉందని గుడ్డ కప్పకండి."

"సరే."

"ఈ వారం చూద్దాం" అని వెళ్ళిపోయింది.

నిన్న, ఇవాళ తీసుకువెళ్ళాను. బడి గేటు కాపలావాడు తన బెంచీ మాకు ఇచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు. గంట కొట్టగానే నూరి సుద్దముక్క పొడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. చేతులు కడుక్కుని బెంచీ మీద కూర్చుంది. వాడు వాళ్ళమ్మ వాసన తగలగానే తల అటూ ఇటూ కొట్టుకుని రొమ్ము పట్టేశాడు. పుట్టిన వారంలో వీడి నోరు తెరిపించడానికి పడ్డ పాట్లు తలుచుకుంటే వీడూ వాడూ ఒకడేనా అనిపిస్తుంది.

ఇవాళ నూరితో పాటు ఇంకో టీచరు వచ్చింది. యోలిమా అని, కొత్త పిల్ల, ఏడో నెల. వాడు తాగుతుంటే కాసేపు చూసింది. తర్వాత నూరిని అడగలేక కాబోలు నన్ను అడిగింది.

"అమ్మగారూ, నడుముకు సూది వేయించుకుంటే పాలు పడవంటున్నారు, నిజమేనా? మా పక్కన రొట్టెల కొట్టావిడ చెప్పింది."

ఆ కొట్టావిడకు చెప్పింది ఎవరో నాకు తెలుసు. నూరికీ తెలుసు. నూరి తల ఎత్తలేదు గాని, వాడి వీపు మీద తడుతున్న చెయ్యి ఆగింది.

"ఆ మాట నేనే చెప్పాను ఆవిడకు. తప్పని తర్వాత వెళ్ళి చెప్పాను, అది మాత్రం ఆవిడకు గుర్తున్నట్టు లేదు" అన్నాను. "వేయించుకుంటావో మానుకుంటావో అది నీ ఒళ్ళమ్మా. ఏ మందు ఇస్తున్నారు, ఎప్పుడు ఇస్తున్నారు అని అడుగు. బిడ్డ మొదట్లో మత్తుగా ఉంటే ఉండచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే ఛాతీ మీద పడుకోబెట్టుకుని, పాలు పిండి పడుతూ ఓపిక పట్టు. దిగుతుంది. మా వాడికీ దిగేదే. మేమే దిగనివ్వలేదు."

"మేమంటే?"

"వీడి అమ్మమ్మ, నేను. ఇద్దరం మంచి పద్ధతి గల ఆడవాళ్ళం."

మీ పేరు కూడా వాడుకున్నాను, ఏమనుకోకండి. ఒక్కదాన్నే మొయ్యలేకపోయాను.

యోలిమా నవ్విందే గాని నూరి నవ్వలేదు. వాడిని రెండో పక్కకు మార్చుకుంది. గంట కొట్టాక రవిక సర్దుకుని, వాడి మూతి తుడిచి, నా చేతికి ఇచ్చింది. గేటు దాకా వెళ్ళి ఆగింది.

"వచ్చే వారం నుంచి విరామం పదింబావుకు మారుస్తున్నారు అత్తయ్యా. అప్పటికి మన ఇంట్లోంచే తీసుకొచ్చేయండి" అంది.

మీ
మెల్బా